ముందు నీళ్లు, తర్వాత చుక్కలు అనేవారితో

శ్రీ సత్యసాయి జిల్లా గుడిబండ మండలంలోని ఏ హైస్కూలుకైనా ఒక టెలిస్కోపు ఇప్పిద్దామని ఎవరైనా నోరు తెరిస్తే వచ్చే జవాబు ఒకటే. "ముందు తాగడానికి నీళ్లియ్యండి సార్, చుక్కలు తర్వాత చూపిద్దురు." ఈ మాట అన్నది రైతు అయితే తలవంచుకుని వినాలి. హంద్రీ–నీవా మడకశిర కాలువ కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసిన మనిషి ఎంత కటువుగా మాట్లాడినా చెల్లుతుంది. అయితే ఈ మాట ఎక్కువగా అనేది రైతులు కారు. ఏ నిధి ఎక్కడికి పోవాలో జాబితాలు వేసేవాళ్లు, సేవాసంస్థల తరఫున కార్లలో ఊళ్లు చూసిపోయేవాళ్లు, వెనకబాటుతనం మీద సభల్లో మాట్లాడేవాళ్లు. వీళ్ల పిల్లలు సెలవుల్లో బెంగుళూరు నెహ్రూ ప్లానిటేరియానికి వెళ్లివస్తారు. అక్కడ మాత్రం నీళ్లు ముందా చుక్కలు ముందా అన్న ప్రశ్న రాదు. బెంగుళూరులోనూ ట్యాంకర్లు తిరుగుతూనే ఉంటాయి మరి.

ఈ అభిప్రాయం దయ ముసుగులో తిరుగుతుంది కాబట్టి ఎవరూ దాన్ని నిలబెట్టి అడగరు. పేదవాడి ఆకలి తెలిసినవాడిలా మాట్లాడేవాణ్ని ఎలా కాదంటాం? కానీ దయలో కూడా లెక్క ఉండాలి. ముందు ఆ లెక్కే చూద్దాం.

నీళ్లకూ సైన్సుకూ ఒకే సంచీలోంచి డబ్బు వస్తుందని ఈ వాదన నమ్ముతుంది. కాలువ పనులు జలవనరుల శాఖవి. ఇంటింటి కుళాయి జల్ జీవన్ మిషన్‌ది. బడి రోజువారీ ఖర్చు సమగ్ర శిక్షా ఇచ్చే కాంపోజిట్ గ్రాంటుది: పిల్లలు ముప్పై దాటి వందలోపు ఉంటే ఏడాదికి 25 వేలు, 250 దాటి వెయ్యిలోపు ఉంటే 75 వేలు. సుద్దముక్కల నుంచి మరుగుదొడ్ల శుభ్రత దాకా అందులోనే సర్దుకోవాలి. సైన్స్ ప్రచారానికి డబ్బు వేరే చోటినుంచి వస్తుంది. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ, అంతరిక్ష శాఖ, నీతి ఆయోగ్ కింది అటల్ ఇన్నొవేషన్ మిషన్ ఎవరి పద్దులో వాళ్లు పెట్టుకుంటారు. ఢిల్లీలో ఆ పద్దు కింద రాసిన రూపాయిని గుడిబండ వద్దంటే అది బోరుబావిగా మారదు. ఇంకో ఊరికి పోతుంది. ఎక్కువసార్లు అప్పటికే ల్యాబ్, ప్రొజెక్టరు, ఇంగ్లీషులో దరఖాస్తు రాసిపెట్టే మనిషి ఉన్న ఊరికి పోతుంది. "ముందు నీళ్లు" అన్నందుకు గుడిబండకు నీళ్లూ రావు, చుక్కలూ రావు. త్యాగం చేసిన పేరు కూడా దక్కదు, ఎందుకంటే చేసింది గుడిబండ కాదు, దాని తరఫున మాట్లాడిన పెద్దమనుషులు.

ఇంతకంటే విచిత్రమైన సంగతి ఒకటుంది. ఖగోళ విద్యకు ఈ నేల పనికిరాదనే వాళ్లు ఈ నేలను సరిగ్గా చూడలేదు. పాత అనంతపురం జిల్లాకు ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లు. రైతుకు అది శాపం, ఆకాశం చూసేవాడికి వరం. మబ్బులేని రాత్రులు ఇక్కడ ఉన్నన్ని కోస్తాలో ఎక్కడున్నాయి? గుడిబండ, రొళ్ల, అగళి, అమరాపురం వైపు కొండల మధ్య ఊళ్లలో వీధిదీపాలు దాటి నాలుగడుగులు వేస్తే పాలపుంత ఇంకా కనిపిస్తుంది. హైదరాబాదు పిల్లలకు ఆ భాగ్యం పోయి చాలా కాలమైంది.

ఇది నా ఊహ అనుకునేవాళ్లు హిందూపురంలో బెంగుళూరు వైపు రైలెక్కండి. కర్ణాటకలో అడుగుపెట్టగానే వచ్చే పెద్ద ఊరు గౌరీబిదనూరు. దాని పక్కన పొలాల మధ్య భారత ఖగోళ భౌతిక సంస్థ, రామన్ పరిశోధన సంస్థ కలిసి 1970ల్లో ఒక రేడియో టెలిస్కోపు కట్టాయి. దానికి అద్దం లేదు, గొట్టం లేదు. ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో నాటిన వెయ్యి డైపోల్ ఆంటెన్నాలు. తూర్పు–పడమరల చేయి 1.4 కిలోమీటర్లు, దక్షిణపు చేయి 450 మీటర్లు. 34.5 మెగాహెర్ట్‌జ్ దగ్గర ఆకాశాన్ని వినడం దాని పని. ఆ తరంగం పొడవు సుమారు తొమ్మిది మీటర్లు. ద్వారకానాథ్, ఉదయశంకర్ ఆ యంత్రంతో చేసిన ఆకాశ సర్వే 1990లో అచ్చయింది. అంత తక్కువ పౌనఃపున్యంలో అంత విశాలమైన ఆకాశపటం ప్రపంచంలో చాలా అరుదు. 1997 నుంచి అదే చోట సూర్యుడి కరోనాను గమనించే రేడియో హీలియోగ్రాఫ్ కూడా పనిచేస్తోంది. ఇవన్నీ అక్కడికి ఎందుకు వచ్చాయి? నగరపు రేడియో రొదకు దూరంగా ఉన్న చోటు కావాలి కాబట్టి. మనవాళ్లు వెనకబాటు అని పిలిచే నిశ్శబ్దాన్నే శాస్త్రవేత్తలు వెతుక్కుంటూ వచ్చారు. పట్టు గూళ్లు అమ్మడానికి, చింతపండు అమ్మడానికి హిందూపురం వచ్చే కుటుంబాల్లో ఎందరికి ఈ సంగతి తెలుసు? సైన్సు టీచర్లలో ఎందరు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లారు? రాష్ట్ర సరిహద్దు దాటాలి, బస్సు కావాలి, ఆ బస్సుకు డబ్బు ఏ పద్దులో రాయాలో హెడ్మాస్టరుకు తెలియదు. ప్రపంచ స్థాయి యంత్రం పక్కనే ఉండి కూడా మనకు లేనట్టే.

ఇక రెండో వాదన. ఇది మొదటిదానికంటే బలమైంది కాబట్టి తేలిగ్గా తీసుకోను. "అయిదో తరగతి పిల్లవాడు రెండో తరగతి వాచకం చదవలేకపోతున్నాడు. భాగహారం రాదు. వాడికి శనిగ్రహ వలయాలు చూపించి ఏం చేస్తారు?" చదవలేకపోవడం నిజమే. సర్వేలు చెబుతున్నాయి, బడికి వెళ్లిన ప్రతివాడికీ కనిపిస్తుంది. కానీ ఈ వాదన ఖగోళ విద్య అంటే శని వలయాలను చూసి ఆహా అనడమేనని అనుకుంటోంది. కారణం, వాళ్లు చూసిన ఖగోళ కార్యక్రమాలన్నీ అలాంటివే: బెలూను గుమ్మటంలో అరగంట సినిమా, బ్యానరు, ఫొటో, సమోసా. అది తమాషా. తమాషాకు డబ్బు ఇవ్వకపోయినా నాకు అభ్యంతరం లేదు.

నేను మాట్లాడుతున్నది వేరే పని గురించి. గుడిబండ దాదాపు 14 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏటా రెండుసార్లు మధ్యాహ్నం సూర్యుడు ఈ ఊరికి సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువుగా పాతిన కర్రకు నీడ మాయమవుతుంది. మొదటిసారి ఏప్రిల్ చివరి వారంలో, అప్పటికి బడులు మూసేస్తారు. రెండోసారి ఎప్పుడో తెలుసా? ఆగస్టు 15, ఒకరోజు అటూ ఇటూ. మధ్యాహ్నం పన్నెండున్నరకు నాలుగైదు నిమిషాల ముందు. ఆ రోజు ప్రతి బడిలో నిటారుగా ఒక స్తంభం ఉంటుంది, దాని చుట్టూ పిల్లలంతా ఉంటారు. ఉదయం జెండా ఎగరేసి, మిఠాయి పంచి, పదిగంటలకల్లా అందరినీ ఇళ్లకు పంపేస్తాం. రెండున్నర గంటలు ఆగితే జెండాకర్ర నీడ పాదంలోకి ముడుచుకుపోవడం కళ్లారా చూడొచ్చు. మబ్బు పడితే మరునాడు చూడొచ్చు. అదే సమయానికి ధర్మవరంలో ఇంకో బడి పిల్లలు తమ కర్ర నీడను కొలిచి ఫోనులో చెబితే, రెండు ఊళ్ల మధ్య దూరం తెలిస్తే, భూమి చుట్టుకొలత లెక్క కట్టొచ్చు. రెండువేల రెండువందల ఏళ్ల క్రితం ఈజిప్టులో ఎరటోస్తనీస్ చేసింది ఇదే. ధర్మవరం మరీ దగ్గర, కొలతలో తప్పు పెరుగుతుంది, అయినా పరవాలేదు. తప్పు ఎంత వచ్చింది, ఎందుకు వచ్చింది అని పిల్లలు కొట్లాడుకోవడమే అసలు పాఠం. ఇందులో భాగహారం ఉంది, నిష్పత్తి ఉంది, కోణం ఉంది. చదవలేని పిల్లవాడు కూడా కొలవగలడు. కొలిచిన అంకెను పక్కవాడి అంకెతో పోల్చుకోవడానికైనా రాయడం నేర్చుకుంటాడు. నీడకర్రతో స్థానిక మధ్యాహ్నాన్ని పట్టుకునే కృత్యం కొన్నేళ్ల కిందటి వరకు మన ఎనిమిదో తరగతి పుస్తకంలోనే ఉండేది. ఎన్ని బడుల్లో ఎండలోకి వెళ్లి చేయించారు?

ఈ నేలమీద ఖగోళం కొత్తగా వచ్చి పడ్డ విషయమూ కాదు. వేరుశెనగ విత్తే రైతు మృగశిర వచ్చిందా, ఆరుద్ర వచ్చిందా అని చూస్తాడు. కార్తె అంటే సూర్యుడు ఏ నక్షత్రంతో ఉన్నాడన్న లెక్క. పగటిపూట ఆ నక్షత్రం కనిపించదు, రాత్రి ఆకాశాన్ని ఏడాదంతా గమనించినవాడు మాత్రమే కట్టగల లెక్క అది. ఇరవైఏడు కార్తెలు, ఒక్కోటి పదమూడు, పద్నాలుగు రోజులు. తాత నోట్లో ఈ జ్ఞానం ఉంది, మనవడి పుస్తకంలో సౌరకుటుంబం ఉంది, రెండూ ఒకే ఆకాశం గురించేనని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. 2019 డిసెంబరు 26న పొద్దున్నే సూర్యబింబం ముప్పాతికకు పైగా మూసుకుపోయినప్పుడు మన ఊళ్లు తలుపులు వేసుకున్నాయి, కొన్నిచోట్ల పళ్లెంలో నీళ్లు పోసి రోకళ్లు నిలబెట్టారు. నేను నమ్మకాలను ఎగతాళి చేసే రకం కాను. కానీ బడికి వంద గ్రహణ కళ్లద్దాలు ఇవ్వడానికి కొన్ని వేల రూపాయలు చాలు. ఆ వేలు ఆరోజు ఏ ఖజానాలోనూ దొరకలేదు.

ఇప్పుడు మూడో గుంపు లేస్తుంది. వీళ్లు సైన్సుకు అనుకూలురే. "అవకాశాలు లేవని ఎవరన్నారు? ఇస్రో యువిక ఉంది, ఇన్‌స్పైర్ ఉంది, అటల్ టింకరింగ్ ల్యాబులున్నాయి. తెలివైన పిల్లవాడు ఎక్కడున్నా పైకొస్తాడు." నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం వచ్చేది ఈ మాట మీద.

యువిక మంచి కార్యక్రమం. తొమ్మిదో తరగతి పిల్లల్ని రెండువారాలు ఇస్రో కేంద్రాల్లో ఉంచి, ప్రయాణం, భోజనం అంతా వాళ్లే భరిస్తారు. 2019లో మొదలైనప్పుడు ఒక్కో రాష్ట్రానికి ముగ్గురిని తీసుకున్నారు, తర్వాత సంఖ్య పెరిగింది. పంచాయతీ ప్రాంతపు బడిలో చదివేవాళ్లకు ఎంపికలో 15 శాతం వెయిటేజీ కూడా ఉంది. కానీ మిగిలిన శాతాలు ఎక్కడున్నాయో చూడండి: ఎనిమిదో తరగతి మార్కులు, జిల్లా, రాష్ట్ర స్థాయి బహుమతులు, ఎన్‌సీసీ, స్కౌట్స్. సైన్స్ ఫెయిరే జరగని బడి పిల్లకు సైన్స్ ఫెయిర్ బహుమతి ఎక్కడినుంచి వస్తుంది? ఇన్‌స్పైర్ మానక్ ఎంపికైన పిల్లకు పదివేలు ఇస్తుంది, అదీ ఆలోచన ముందే తట్టినవాళ్లకు. టింకరింగ్ ల్యాబుకు ఇరవై లక్షలు: పది లక్షలు సామానుకు, పది లక్షలు అయిదేళ్ల నిర్వహణకు. మొదట్లో పెట్టిన షరతు, బడిలో 1,500 చదరపు అడుగుల చోటు ఉండాలని. రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టే బడికి ఆ షరతు చదివి వినిపించండి. ప్రచార గ్రాంట్లకు దరఖాస్తు పెట్టాలంటే సాధారణంగా రిజిస్టరైన సంస్థ కావాలి, ఏళ్లతరబడి ఆడిట్ లెక్కలు కావాలి. గుడిబండలో పనిచేసే ఫిజిక్స్ టీచరు తన పేరుతో పదివేలు అడగడానికి ఒక్క ఫారమూ లేదు.

ఇవన్నీ ఏరుకునే పథకాలు. అప్పటికే మొలిచినవాటిని తీసుకెళ్లి మంచి కుండీలో పెడతాయి. విత్తే పథకం ఒక్కటీ లేదు. కానీ నివేదికల్లో దీన్నే విద్యార్థులకు చేరువవడం అని రాసుకుంటారు.

తెలివైనవాడు ఎక్కడున్నా పైకొస్తాడనే మాటకు మన చరిత్రే అడ్డం నిలుస్తుంది. మనకు తెలిసిన గొప్ప ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు. 1949లో హార్వర్డులో చదువుతూ ఒక తోకచుక్కను కనిపెట్టి దానికి పేరయ్యాడు. తమిళనాడులోని కావలూరులో ఆయన పేరు మీద 2.34 మీటర్ల టెలిస్కోపు ఉంది. ఆయన ఎక్కడ మొలిచాడు? హైదరాబాదు నిజామియా అబ్జర్వేటరీలో వాళ్ల నాన్న ఉద్యోగి. పిల్లవాడికి చిన్నప్పటినుంచి టెలిస్కోపు ఇంటి వస్తువు. ఆ అబ్జర్వేటరీని 1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత డబ్బుతో మొదలుపెట్టాడు, ఆయన పోయాక నిజాం ప్రభుత్వం తీసుకుంది. ప్రపంచంలోని పలు అబ్జర్వేటరీలు పంచుకున్న నక్షత్ర పట్టిక పనిలో హైదరాబాదు తన వంతు ఆకాశాన్ని దశాబ్దాలపాటు ఫొటోలు తీసి, కొలిచి, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు అచ్చువేసింది. సంస్థానంలో అప్పుడు కరువు లేదా? మూసీ వరద 1908లో నగరాన్ని ఊడ్చేయలేదా? అయినా అబ్జర్వేటరీ ఆగలేదు. ఆ డబ్బు ఏటా వచ్చేది, ఏటా జీతాలు ఇచ్చేది. అందుకే ఒక పిల్లవాడు దాని నీడలో పెరగగలిగాడు.

దానికి ఎదురు ఉదాహరణ కూడా హైదరాబాదు దగ్గరే ఉంది. ఇబ్రహీంపట్నం దగ్గరి జాపాల్–రంగాపూర్‌లో 1960ల చివర 48 అంగుళాల టెలిస్కోపు పెట్టారు. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణానికి అది పేరెక్కింది. తర్వాత ఆలనాపాలనా చూసే డబ్బు, మనుషులు తగ్గి మూలపడింది. యంత్రం కొనడానికి ఒకసారి డబ్బిచ్చి, నడపడానికి ఏటా ఇవ్వకపోతే ఏమవుతుందో తెలుసుకోవడానికి అధ్యయనాలు అక్కర్లేదు, ఇబ్రహీంపట్నం దాకా వెళితే చాలు.

అందుకే పుట్టపర్తిలో స్పేస్ థియేటర్ ఉంది కదా, ఇంకేం కావాలి అనేవాళ్లకు కూడా నా జవాబు ఇదే. ఉంది, మంచిదే. గుడిబండ పిల్లవాడు జిల్లా ఆ చివరికి ఒకసారి వెళ్లి గుమ్మటం కింద చుక్కలు చూసి వస్తాడు. తన మిద్దె మీద కనిపించే చుక్కల పేర్లు తెలియకుండానే పదో తరగతి దాటి, బెంగుళూరులో పనికి పోతాడు.

సామాను ఖర్చు పెద్ద విషయమే కాదు. అమెరికాలో జాన్ డాబ్సన్ అనే ఆయన రామకృష్ణ సంప్రదాయపు వేదాంత మఠంలో సన్యాసి. పాత ఓడల కిటికీ గాజును అరగదీసి అద్దాలు చేసి, అట్టగొట్టాల్లో బిగించి, దారిన పోయేవాళ్లకు చంద్రుణ్ని చూపించేవాడు. ఆ పిచ్చి ముదిరిందని 1967లో మఠం ఆయన్ను పంపించేసింది. మనకు ఆయన చేసిన మేలు ఏమిటంటే, ఇవాళ ఆయన పేరుతోనే పిలిచే ఆరంగుళాల టెలిస్కోపు లక్ష రూపాయల లోపే వస్తుంది. బృహస్పతి చంద్రుల్ని రోజూ చూసి బొమ్మ గీసుకోవడానికి అది చాలు. ఖర్చయ్యేది టెలిస్కోపుకు కాదు, దాని పక్కన రాత్రి తొమ్మిదింటికి నిలబడే టీచరుకు. ఆయన ఆఖరి బస్సు తప్పిపోతే ఎక్కడ పడుకోవాలి? ఆడపిల్లల్ని ఇళ్లకు ఎవరు దింపాలి? అద్దం మసకబారితే ఎవరు బాగుచేయాలి? గ్రాంటు ఫారాల్లో వీటికి గడులుండవు. ఇంకోటి, ఈ సరిహద్దు మండలాల్లో కన్నడ మీడియం బడులు కూడా ఉన్నాయి. వచ్చే పుస్తకాలు, వీడియోలు ఇంగ్లీషు, హిందీల్లో వస్తాయి. రెండు భాషలు ఇంట్లోనే మాట్లాడే పిల్లలకు ఆ రెండూ కాని భాషలో ఆకాశం చెబుతున్నాం.

నేను అడిగే పద్ధతి ఇది. పోటీ లేకుండా, దరఖాస్తు లేకుండా, మండలానికి ఏటా రెండు లక్షలు. అందులో గౌరీబిదనూరు బస్సు, రాత్రి పరిశీలనకు టీచరు భత్యం, మరమ్మతు, కన్నడలోనూ తెలుగులోనూ అచ్చువేసిన నక్షత్రపటాలు. జిల్లాలో 32 మండలాలు, మొత్తం 64 లక్షలు. ఇది మూడు టింకరింగ్ ల్యాబుల ఖర్చుకు కాస్త ఎక్కువ. చంద్రయాన్–3కి అయిన 615 కోట్లతో ఈ ఒక్క జిల్లాకు 960 ఏళ్లు ఇవ్వొచ్చు. చంద్రయాన్ దండగని నా ఉద్దేశం కాదు, దాన్ని చూసి చప్పట్లు కొట్టిన పిల్లలకు మనం ఎంత పెడుతున్నామో కొలవడానికి చెప్పాను. ఢిల్లీ ఇవ్వకపోతే కంపెనీల చట్టం ఉంది: కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్సార్) డబ్బు ఖర్చులో చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని ఆ చట్టమే చెబుతోంది, పెనుకొండ దగ్గర ఎర్రమంచి నుంచి పాలసముద్రం దాకా పెద్ద సంస్థలు వచ్చాయి. అడగాల్సినవాళ్లు అడిగే జాబితాలో ఇది చేరాలి.

"అలా పంచితే తినేస్తారు సార్, లెక్క ఎలా?" అన్నది ఆఖరి అభ్యంతరం. తినేవాళ్లు ఇరవై లక్షల్లోనూ తింటారు, ఇంకా సులువుగా. రెండు లక్షలకు లెక్క కావాలంటే బిల్లులతో పాటు పిల్లల పరిశీలన పుస్తకాలు అడగండి. నీడ కొలతలు, చంద్రకళల బొమ్మలు, తేదీలతో. దొంగ బిల్లు రాయొచ్చు గానీ ఏడాది పొడవునా బృహస్పతి చంద్రుల స్థానాలను దొంగగా రాయడం కష్టం. ఏ తేదీన ఏ చంద్రుడు ఎటుపక్క ఉన్నాడో పరీక్షించే అధికారి కూడా లెక్క కట్టుకోగలడు. కట్టుకోలేకపోతే మొదటి శిక్షణ ఆయనకే ఇవ్వండి.

2031 మే 21న కంకణ సూర్యగ్రహణం కేరళ, తమిళనాడుల మీదుగా పోతుంది. గుడిబండలో పెద్ద పాక్షిక గ్రహణంగా కనిపిస్తుంది. అప్పుడు వేసవి సెలవులు. పిల్లల్ని ఆరోజు బడికి రప్పించాలంటే, కళ్లద్దాలు చేతికివ్వాలంటే, టీచరు సెలవు మానుకుని రావాలంటే, ఆ డబ్బు ఆ ఏడాది మార్చిలోపే మండలానికి చేరి ఉండాలి.